భౌతికశాస్త్ర ప్రయోగశాలలో స్వల్ప కాలవ్యవధుల కొలత: లోలకం నుంచి మ్యూయాన్ వరకు

డిగ్రీ ప్రయోగశాలల రికార్డు పుస్తకాల్లో ఒక చిత్రమైన లెక్క తరచుగా కనిపిస్తుంది. 1 మీటరు ఎత్తు నుంచి గోళం పడిన కాలాన్ని 0.464216 సెకన్లు అని ఆరు దశాంశ స్థానాలతో రాసి ఉంటారు; దాని నుంచి రాబట్టిన గురుత్వ త్వరణం మాత్రం 9.28 మీ/సె² దగ్గర తేలి ఉంటుంది. అసలు విలువకు ఇది 5 శాతం తక్కువ. తెర మీద ఆరు అంకెలు కనిపించాయి కనుక కొలత కూడా ఆరో అంకె వరకు నమ్మదగినదేనని భావించడం వల్ల వచ్చే చిక్కు ఇది.

కాలవ్యవధిని కొలిచేటప్పుడు వేరువేరుగా చూడవలసిన ప్రశ్నలు మూడున్నాయి. గడియారం కాలాన్ని ఎంత చిన్న ముక్కలుగా లెక్కిస్తోంది అన్నది మొదటిది. ఆ ముక్కల నిడివి నిజంగా మనం అనుకుంటున్నంతేనా అన్నది రెండోది. లెక్క మొదలుపెట్టే క్షణాన్నీ ఆపే క్షణాన్నీ ఏది, ఎలా నిర్ణయిస్తోంది అన్నది మూడోది. పరికరాల కరపత్రాలు మొదటిదాన్ని పెద్ద అక్షరాలతో చెబుతాయి, రెండోదాన్ని ఎక్కడో మూలన చెబుతాయి, మూడోదాన్ని ప్రయోగం చేసేవారికే వదిలేస్తాయి. ఫలితాన్ని ఎక్కువగా చెడగొట్టేది ఆ మూడోదే కాబట్టి ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

1. పరికరాన్ని ముట్టుకునే ముందు ఎంత ఖచ్చితత్వం కావాలో లెక్క వేయండి

గురుత్వ త్వరణాన్ని 9.78 మీ/సె² గా తీసుకుంటే (హైదరాబాదు అక్షాంశానికి ఇది తగిన విలువ) 1 మీటరు పతనానికి పట్టే కాలం 0.452 సెకన్లు. సూత్రంలో (గురుత్వ త్వరణం = 2 × ఎత్తు ÷ కాల వర్గం) కాలం వర్గంగా వస్తుంది కనుక కాలంలోని శాత దోషం ఫలితంలో రెట్టింపవుతుంది. గురుత్వ త్వరణం 1 శాతం లోపు రావాలంటే కాలం 0.5 శాతం లోపు, అంటే సుమారు 2.3 మిల్లీసెకన్ల లోపు తెలియాలి. 0.1 శాతం కావాలంటే 0.23 మిల్లీసెకన్లు తెలియాలి. దానికి తోడు ఎత్తును కూడా 1 మిల్లీమీటరు కంటే మెరుగ్గా కొలవాలి.

ఈ చిన్న లెక్క చేయకుండా నానోసెకన్లు చూపే కౌంటరును తెచ్చి పెట్టుకున్నా ప్రయోజనం లేదు. ఎత్తును చెక్క స్కేలుతో 2 మిల్లీమీటర్ల అనిశ్చితితో కొలిచినప్పుడు ఫలితంలో 0.2 శాతం అక్కడే పోతుంది, ఏ గడియారమూ దాన్ని తిరిగి తేలేదు. అందువల్ల రికార్డులో మొదటి పేజీలోనే ప్రతి రాశికీ అనుమతించగల దోషాన్ని పట్టికగా రాసుకుని, అన్నింటికంటే పెద్ద దోషం ఎక్కడ ఉందో గుర్తించి, శ్రమనంతా ముందుగా అక్కడ పెట్టండి.

2. చేతి స్టాప్‌వాచ్ ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు

కంటితో చూసి బొత్తాం నొక్కడానికి మనిషికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది. మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ ఈ ఆలస్యం ఒకే విధంగా ఉంటే రెండూ రద్దైపోతాయి. అయితే అది ప్రతిసారీ కొద్దిగా మారుతుంది. ఆ మార్పు ఒక్కో కొలతలో 0.05 నుంచి 0.1 సెకను వరకు ఉండటం సాధారణం. స్టాప్‌వాచ్ కనీసపు కొలత 0.01 సెకను అయినా చేతి కొలతకు ఆ అంకె వర్తించదు.

మనుషుల మధ్య తేడా ఇంకా పెద్దది. 1796లో గ్రీనిచ్ వేధశాలలో నక్షత్రాలు దూరదర్శిని తీగను దాటే క్షణాలను నమోదు చేసిన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్, తన పై అధికారి మాస్కెలీన్ రీడింగులకు సుమారు 0.8 సెకను తేడాతో నమోదు చేస్తున్నాడన్న కారణంతో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తరువాతి కాలంలో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ ఈ విషయాన్ని పరిశీలించి, అనుభవజ్ఞులైన పరిశీలకుల మధ్య కూడా ఇలాంటి స్థిరమైన తేడాలు ఉంటాయని చూపాడు. ఆ యువకుడు అజాగ్రత్తపరుడేమీ కాదు. ఒక ప్రయోగంలో మొదలు ఒకరు, ముగింపు మరొకరు నొక్కకూడదనే నియమానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు తెలియదు.

లఘులోలకం విషయంలో మాత్రం చేతి స్టాప్‌వాచ్ చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ చేతి దోషాన్ని అనేక డోలనాల మీద పంచవచ్చు. 1 మీటరు పొడవున్న లోలకం ఆవర్తన కాలం 2.009 సెకన్లు. 50 డోలనాలకు సుమారు 100 సెకన్లు పడతాయి. మొత్తం మీద 0.1 సెకను దోషం ఉన్నా ఆవర్తన కాలంలో అది 2 మిల్లీసెకన్లే, అంటే 0.1 శాతమే. దీన్ని సాధించడానికి పాటించవలసిన పద్ధతి ఇది.

గోళం మధ్య స్థానాన్ని దాటే క్షణంలోనే లెక్క మొదలుపెట్టి, అక్కడే ఆపాలి. చాలామంది చివరి స్థానంలో, అంటే గోళం వెనుదిరిగే చోట నొక్కుతారు, అక్కడ గోళం ఆగినట్టు కనిపించడం వల్ల చూడటం తేలికనుకుంటారు. 5 డిగ్రీల కంపన పరిమితితో (మధ్య స్థానం నుంచి ఒక వైపుకు వెళ్లే గరిష్ఠ కోణంతో) ఊగే మీటరు లోలకం మధ్య స్థానం దగ్గర 0.1 సెకనులో 27 మిల్లీమీటర్లు కదులుతుంది. చివరి స్థానం దగ్గర అదే 0.1 సెకనులో కేవలం 4 మిల్లీమీటర్లు కదులుతుంది. అంత నెమ్మదిగా కదిలే చోట వెనుదిరిగిన క్షణం ఏదో కంటికి తేలదు. దారం వెనుక గోడ మీద సన్నని నిలువు గీత గీసి, ఒక కన్ను మూసి, దారం ఆ గీతను ఒకే దిశలో దాటిన ప్రతిసారీ లెక్కించండి.

లెక్కను "మూడు, రెండు, ఒకటి, సున్నా" అంటూ మొదలుపెట్టి సున్నా దగ్గర బొత్తాం నొక్కండి. ఒకటితో మొదలుపెడితే 50 అనేసరికి జరిగినవి 49 డోలనాలే, దోషం నేరుగా 2 శాతం. ముందుగా మూడుసార్లు తల ఊపుతూ లయ పట్టుకుంటే వేలు లయతో పాటు కదులుతుంది. ఆలస్యంగా ప్రతిస్పందించడానికి బదులు ముందే ఊహించి నొక్కడం జరుగుతుంది, చెదురు (రీడింగుకూ రీడింగుకూ మధ్య వచ్చే తేడా) బాగా తగ్గుతుంది.

కంపన పరిమితి ప్రభావాన్ని మరవకండి. 10 డిగ్రీల దగ్గర ఆవర్తన కాలం 0.19 శాతం పెరుగుతుంది, 5 డిగ్రీల దగ్గర 0.05 శాతమే. స్టాప్‌వాచ్‌తో 0.1 శాతం వరకు వెళ్లగలిగినప్పుడు 10 డిగ్రీలతో ఊపడం ఆ శ్రమను వృథా చేసుకోవడమే.

3. మధ్యస్థ పరికరాలు: టిక్కర్ టైమర్, వీడియో, ధ్వని

కదిలే కాగితపు పట్టీ మీద చుక్కలు వేసే టిక్కర్ టైమర్ సెకనుకు 50 చుక్కలు వేస్తుందంటే దాని గడియారం మన విద్యుత్ సరఫరా పౌనఃపున్యమే. దేశంలో గ్రిడ్‌కు నిర్దేశించిన పరిధి 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ వరకు ఉంది కనుక అందులో 0.2 శాతం తేడా సహజం. చుక్కల మధ్య దూరాలు కొలిచే పాఠశాల ప్రయోగాలకు ఇది చాలు.

ఫోనులో సెకనుకు 240 ఫ్రేములు తీస్తే ఒక్కో ఫ్రేముకు 4.2 మిల్లీసెకన్లు. అయితే ఫోను ఎప్పుడూ సరిగ్గా 240 తీస్తుందని నమ్మరాదు; తెలిసిన పౌనఃపున్యంతో వెలిగి ఆరే ఎల్ఈడీని కూడా అదే చిత్రంలో ఉంచి, ఫ్రేముల వేగాన్ని దానితో సరిచూసుకోవాలి.

ధ్వని పద్ధతి మన దగ్గర తక్కువగా వాడతారు, కానీ ఖర్చు లేకుండా మిల్లీసెకను స్థాయికి చేర్చేది అదే. ఫోను మైకు ధ్వనిని సెకనుకు 44,100 లేదా 48,000 నమూనాలుగా తీసుకుంటుంది, అంటే ఒక్కో నమూనాకు సుమారు 21 నుంచి 23 మైక్రోసెకన్లు. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉచితంగా అందించే ఫైఫాక్స్ యాప్‌లో రెండు చప్పుళ్ల మధ్య కాలాన్ని కొలిచే ధ్వని స్టాప్‌వాచ్ ఉంది. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ధ్వని వేగం. గాలిలో ధ్వని 1 మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లే వెళుతుంది. గోళం వదిలిన చప్పుడు పైనుంచి, నేలను తాకిన చప్పుడు కిందినుంచి వస్తున్నప్పుడు మైకు రెండింటికీ సమాన దూరంలో, అంటే సగం ఎత్తులో కాస్త పక్కగా ఉండాలి. మైకును నేల మీద పెడితే 1 మీటరు ప్రయోగంలో సుమారు 2.9 మిల్లీసెకన్ల క్రమదోషం వస్తుంది, ఎన్నిసార్లు సగటు తీసినా అది పోదు.

4. ఫొటోగేట్ అమరిక

ఫొటోగేట్ అంటే వస్తువు కాంతి పుంజానికి అడ్డుపడిన క్షణాన్ని పట్టే అమరిక: పరారుణ ఎల్ఈడీ ఒక వైపు, కాంతిని గుర్తించే ఫొటోట్రాన్సిస్టర్ ఎదురుగా. ఈ రెండూ హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో గానీ ఏ ఊళ్లోని ఎలక్ట్రానిక్స్ దుకాణంలో గానీ తక్కువ ధరకే దొరుకుతాయి. అమర్చడంలో శ్రద్ధ పెట్టవలసిన చోట్లు నాలుగు.

మొదటిది పుంజం వెడల్పు. 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీని యథాతథంగా వాడితే గోళం పుంజాన్ని కొద్దికొద్దిగా కప్పుతూ వస్తుంది, వోల్టేజీ కూడా నెమ్మదిగా మారుతుంది. ఫొటోట్రాన్సిస్టర్ ముందు నల్ల కాగితంలో 1 మిల్లీమీటరు అడ్డ చీలిక కోసి అతికించండి. 1 మీటరు పడిన గోళం వేగం 4.4 మీ/సె కనుక 1 మిల్లీమీటరును దాటడానికి 0.23 మిల్లీసెకన్లు చాలు. అదే గేటును వదిలిన చోటుకు 1 సెంటీమీటరు కింద పెడితే అక్కడ వేగం 0.44 మీ/సె మాత్రమే. అదే చీలికను దాటడానికి 2.3 మిల్లీసెకన్లు పడుతుంది. పై గేటును గోళానికి వీలైనంత దగ్గరగా పెట్టాలన్న ఆలోచన సహజంగా కలుగుతుంది గానీ, అక్కడే కాలం అన్నింటికంటే అస్పష్టంగా ఉంటుంది.

రెండోది లోడ్ నిరోధకం. ఫొటోట్రాన్సిస్టర్‌కు 10 కిలోఓమ్‌లు పెడితే సంకేతం పెద్దదిగా వస్తుంది కానీ స్పందన మందగిస్తుంది. 1 కిలోఓమ్‌కు తగ్గించి, ఎల్ఈడీకి దాని పరిమితి లోపల ఎక్కువ విద్యుత్తు ఇస్తే స్పందన వేగవంతమవుతుంది.

మూడోది అంచును పదునుపెట్టడం. ఫొటోట్రాన్సిస్టర్ వోల్టేజీని నేరుగా మైక్రోకంట్రోలర్‌కు ఇవ్వకుండా 74హెచ్‌సీ14 వంటి ష్మిట్ ట్రిగ్గర్ గుండా పంపండి. ఇది పైకి వెళ్లేటప్పుడు ఒక వోల్టేజీ దగ్గర, కిందికి వచ్చేటప్పుడు మరో వోల్టేజీ దగ్గర మారుతుంది కాబట్టి, హద్దు దగ్గర రొద ఉన్నా ఒకే దాటుడుకు పది పల్సులు రావు. ట్రిగ్గర్ దోషానికి గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: కాల దోషం అంటే వోల్టేజీ రొదను వోల్టేజీ మారే వేగంతో భాగించిన విలువ. 10 మిల్లీవోల్టుల రొద, మిల్లీసెకనుకు 1 వోల్టు చొప్పున మారే సంకేతం మీద 10 మైక్రోసెకన్ల దోషాన్ని కలిగిస్తుంది. మైక్రోసెకనుకు 1 వోల్టు చొప్పున మారే సంకేతం మీద అదే రొద 10 నానోసెకన్ల దోషమే కలిగిస్తుంది.

నాలుగోది బయటి వెలుతురు. కిటికీ ఎండలో పరారుణ కిరణాలు పుష్కలంగా ఉంటాయి, పాత ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. ఫొటోట్రాన్సిస్టర్‌ను నల్ల గొట్టంలో లోపలికి దించి అమర్చండి. గోళం లేకుండా పది నిమిషాలు వదిలేసి, ఒక్క తప్పుడు పల్సు కూడా రాలేదని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లండి.

మీట బొత్తాన్ని, లోహపు తాకుడును మొదలు సంకేతంగా వాడేవారు ఒక మాట గమనించాలి. లోహాలు తాకినప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. మొదటి అంచును మాత్రమే తీసుకుని, ఆ తరువాతి 20 మిల్లీసెకన్లలో వచ్చేవాటిని ప్రోగ్రాములోనే విస్మరించాలి.

5. గడియారాన్ని పరీక్షించండి

మన కళాశాలల్లో ఎక్కువగా కనిపించేది ఆర్డుయినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. అందులోని మైక్రోస్ ఫంక్షన్ 4 మైక్రోసెకన్ల మెట్లుగా కాలాన్ని చెబుతుంది. 0.452 సెకన్ల మీద ఇది పది లక్షల్లో 9 భాగాలు, అంటే మన అవసరానికి ఎన్నో రెట్లు మెరుగు. కానీ ఊనో ఆర్3 బోర్డు మీద ప్రధాన చిప్పును నడిపేది క్వార్ట్జ్ స్ఫటికం కాదు, సిరామిక్ రెసొనేటర్. దాని యథార్థత ప్లస్ లేదా మైనస్ 0.5 శాతం, అంటే పది లక్షల్లో 5,000 భాగాలు. కాలంలో 0.5 శాతం అంటే గురుత్వ త్వరణంలో 1 శాతం. ప్రదర్శన మైక్రోసెకన్లలో ఉన్నంత మాత్రాన కొలత మిల్లీసెకన్లలో కూడా సరైనది కాకపోవచ్చు. సాధారణ క్వార్ట్జ్ స్ఫటికమైతే పది లక్షల్లో 20 నుంచి 50 భాగాల లోపు ఉంటుంది, ఈ ప్రయోగానికి దాన్ని పరిపూర్ణంగానే భావించవచ్చు.

సరిచూసే పద్ధతులు రెండు. పరికరాలేవీ అవసరం లేనిది మొదటిది: ఆర్డుయినోను గంటసేపు నడిపించి, నెట్‌వర్కుతో సమయం సరిచేసుకునే ఫోను గడియారంతో మొదటా చివరా పోల్చండి. 0.5 శాతం తేడా ఉంటే గంటకు 18 సెకన్లు కనిపిస్తుంది. పోల్చడంలో మీ చేతి దోషం 0.2 సెకను ఉన్నా 3,600 సెకన్ల మీద అది పది లక్షల్లో 56 భాగాలే. చవకైన ఈ పరీక్షను ఒక్కసారైనా చేయకుండా ఏ బోర్డునూ వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

రెండోది జీపీఎస్ మాడ్యూల్. నియో-6ఎం వంటి మాడ్యూళ్లు ఉపగ్రహాలను పట్టుకున్నాక సెకనుకు ఒక పల్సు ఇస్తాయి, దాని అంచు పదుల నానోసెకన్ల లోపు సరిగ్గా ఉంటుంది. మాడ్యూలును కిటికీ దగ్గర ఆకాశం కనిపించేలా పెట్టి, పల్సును ఊనో 8వ పిన్నుకు కలపండి. ఊనో గడియారం 16 మెగాహెర్ట్జ్‌ది కనుక రెండు పల్సుల మధ్య 1,60,00,000 గడియారపు కౌంట్లు రావాలి. ఉదాహరణకు 1,60,24,000 వస్తే గడియారం 0.15 శాతం వేగంగా నడుస్తోందని అర్థం. ప్రతి రీడింగునూ ఆ నిష్పత్తితో భాగించాలి. ఉష్ణోగ్రతతో రెసొనేటర్ మారుతుంది కనుక ప్రయోగానికి ముందూ తరువాతా రెండుసార్లు సరిచూసి రాసుకోండి.

8వ పిన్ను అనడానికి కారణం ఉంది. మామూలు పద్ధతిలో పిన్ను స్థితిని ప్రోగ్రాము చదువుతూ కూర్చుంటే, లేదా ఇంటరప్టులో (అంచు రాగానే చిప్పు చేస్తున్న పని ఆపి నడిపే భాగంలో) మైక్రోస్ పిలిస్తే, చిప్పు అప్పుడు చేస్తున్న మరో పని వల్ల కొన్ని మైక్రోసెకన్లు అటూఇటూ అవుతాయి. 8వ పిన్నులో ఇన్‌పుట్ క్యాప్చర్ ఉంది: అంచు వచ్చిన క్షణంలో టైమర్ విలువను హార్డ్‌వేరే పట్టి ఉంచుతుంది, ప్రోగ్రాము దాన్ని తీరికగా చదువుకోవచ్చు. దీని మెట్టు 62.5 నానోసెకన్లు. టైమరు 16 బిట్లదే కాబట్టి 65,536 కౌంట్లకు, అంటే ప్రతి 4.096 మిల్లీసెకన్లకు తిరిగి సున్నాకు వస్తుంది. ఎన్నిసార్లు తిరిగిందో ప్రోగ్రాము విడిగా లెక్కపెట్టాలి. ఇంకో జాగ్రత్త: కొలత జరుగుతుండగా సీరియల్ మానిటర్‌కు (బోర్డు పంపేవాటిని చూపే కంప్యూటరు కిటికీకి) అక్షరాలు పంపవద్దు. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్ల) వేగం దగ్గర ఒక్క అక్షరానికి 1 మిల్లీసెకను పడుతుంది. అన్నీ కొలిచి, మెమరీలో దాచి, చివర్లో ఒకేసారి పంపండి.

6. గోళం లేకుండానే ఒక పరీక్ష

అసలు ప్రయోగానికి ముందు, ఒకే పల్సును మొదలు మార్గానికీ ముగింపు మార్గానికీ కలిపి ఇవ్వండి. ఫలితం సున్నా రావాలి. రాకపోతే వచ్చిన విలువే రెండు మార్గాల ఆలస్యాల తేడా, దాన్ని ప్రతి రీడింగు నుంచీ తీసివేయాలి. తరువాత సిగ్నల్ జనరేటరు నుంచి తెలిసిన వ్యవధిని, ఉదాహరణకు 450 మిల్లీసెకన్లను, కొన్ని వందల సార్లు ఇచ్చి రీడింగుల ప్రమాణ విచలనాన్ని లెక్కించండి. మీ పరికరం నిజమైన చెదురు అదే. అసలు ప్రయోగంలో చెదురు దీనికి ఎన్నో రెట్లు ఉంటే, లోపాన్ని ఎలక్ట్రానిక్స్‌లో వెతకడం మాని గోళాన్ని వదిలే విధానంలో వెతకాలి.

7. వదిలే క్షణం: విద్యుదయస్కాంతం ఆలస్యం

ఈ ప్రయోగంలో అన్నింటికంటే పెద్ద దోషం ఇక్కడే పుడుతుంది. విద్యుదయస్కాంతానికి సరఫరా ఆపిన క్షణంలో గోళం కదలదు. తీగచుట్టలో విద్యుత్తు తగ్గడానికి కొంత కాలం కావాలి, ఇనుప కోరులో మిగిలిన అయస్కాంతత్వం గోళాన్ని ఇంకాసేపు పట్టుకుంటుంది. సరఫరా ఆపిన అంచుతో గడియారం మొదలవుతుంది కనుక ఈ ఆలస్యమంతా పతన కాలంలో కలిసిపోతుంది. మొదట చెప్పిన 0.464216 సెకన్ల లెక్కలో ఉన్నది ఇదే: నిజమైన 0.452216 సెకన్లకు 12 మిల్లీసెకన్ల ఆలస్యం తోడైతే ఫలితం 9.78 నుంచి 9.28కి పడిపోతుంది.

ఆలస్యాన్ని తగ్గించే ఉపాయాలున్నాయి. గోళం జారిపోకుండా ఉండటానికి చాలినంత కంటే కాస్త ఎక్కువ విద్యుత్తు మాత్రమే ఇవ్వండి. కోరుకూ గోళానికీ మధ్య పలుచని కాగితం ముక్క ఉంచితే మిగిలిన అయస్కాంతత్వం ప్రభావం బాగా తగ్గుతుంది. ట్రాన్సిస్టరును కాపాడటానికి తీగచుట్టకు అడ్డంగా పెట్టే డయోడు, విద్యుత్తు తిరుగుతూ మెల్లగా తగ్గేలా చేస్తుంది; దానితో శ్రేణిలో ఒక జీనర్ డయోడు కలిపితే విద్యుత్తు త్వరగా తగ్గుతుంది. జీనర్ వోల్టేజీ, సరఫరా వోల్టేజీ కలిపి ట్రాన్సిస్టరు ఓర్చుకోగలిగిన దానికంటే తక్కువగా ఉండేలా ఎంచుకోండి.

తగ్గించినా మిగిలే ఆలస్యాన్ని లెక్కలోంచి తొలగించడమే సరైన మార్గం. ఆలస్యం ఎంతైనా కానివ్వండి, అది ఎత్తు మీద ఆధారపడదు. అందుచేత గేటును 20, 40, 60, 80, 100, 120 సెంటీమీటర్ల దగ్గర ఉంచి కాలాలు కొలవండి. ఆలస్యం లేకపోతే రావలసిన కాలాలు వరుసగా 0.2022, 0.2860, 0.3503, 0.4045, 0.4522, 0.4954 సెకన్లు. మీకు వచ్చేవి వీటికంటే దాదాపు ఒకే మొత్తంలో ఎక్కువగా ఉంటాయి. కాలాన్ని నిలువు అక్షం మీద, ఎత్తు వర్గమూలాన్ని అడ్డ అక్షం మీద తీసుకుని గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. రేఖ నిలువు అక్షాన్ని ఖండించిన చోటు ఆలస్యాన్ని ఇస్తుంది. 2ను వాలు వర్గంతో భాగిస్తే ఆలస్యంతో సంబంధం లేని గురుత్వ త్వరణం వస్తుంది.

ఎత్తు కొలవడంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. కాలాన్ని ఆపేది గోళం కింది అంచు కనుక, ఎత్తు కూడా వేలాడుతున్న గోళం కింది అంచు నుంచి పుంజం దాకా ఉండాలి. కేంద్రం నుంచి కాదు. ఎత్తుల్లో స్థిరమైన దోషం ఉంటే ఈ గ్రాఫు చిన్న ఎత్తుల దగ్గర వంగుతుంది, ఆ వంపు కనిపిస్తే స్కేలు సున్నాను మళ్లీ చూడండి. ఎత్తులను ఆరోహణ క్రమంలో కాక కలగాపులగంగా తీసుకోండి, లేకపోతే ప్రయోగం సాగేకొద్దీ వేడెక్కే తీగచుట్ట ప్రభావం ఎత్తు ప్రభావంలా కనిపిస్తుంది. ఒక్కో ఎత్తు దగ్గర కనీసం పది రీడింగులు తీసుకోండి.

గాలి నిరోధం సంగతి కూడా చూడాలి. 20 మిల్లీమీటర్ల ఉక్కు గోళం 1 మీటరు పడేటప్పుడు అది ఫలితాన్ని 0.1 శాతం దాకా తగ్గిస్తుంది. టేబుల్ టెన్నిస్ బంతితో ఈ ప్రయోగం చేయరాదు.

8. ఫలితం రాయడం

పది రీడింగుల సగటు, ప్రమాణ విచలనం, దాన్ని 10 వర్గమూలంతో భాగిస్తే వచ్చే సగటు దోషం, ఈ మూడూ రాయండి. సగటు వల్ల తగ్గేది యాదృచ్ఛిక దోషం మాత్రమే. గడియారం 0.15 శాతం తప్పుగా నడుస్తుంటే వెయ్యి రీడింగుల సగటు కూడా అంతే తప్పుగా ఉంటుంది. కాబట్టి గడియారపు యథార్థత, ఎత్తు దోషం, ఆలస్యం సవరణ విడివిడిగా నమోదు కావాలి. సగటు దోషం 0.0003 సెకను అయినప్పుడు 0.4522 అని నాలుగు స్థానాలకే ఆపాలి. సార్థక అంకెలు కానివాటిని రాయడం చదివేవారిని తప్పుదారి పట్టించడమే. అసహజంగా కనిపించిన రీడింగును కారణం తెలిస్తేనే కొట్టేయండి, కొట్టేసినది కూడా కనిపించేలా గీత గీయండి.

9. నానోసెకన్ల లోకంలోకి

1 నానోసెకనులో కాంతి 30 సెంటీమీటర్లు వెళుతుంది. ఈ స్థాయిలో తీగ పొడవే కాలం. మామూలు ఆర్‌జీ-58 కోయాక్సియల్ కేబులులో సంకేతం మీటరుకు సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. మొదలు కేబులు 1 మీటరు, ముగింపు కేబులు 3 మీటర్లు ఉంటే 10 నానోసెకన్ల దోషం సిద్ధంగా ఉంటుంది. ఒకే రకం, ఒకే పొడవు కేబుళ్లు వాడండి. కేబులు చివర 50 ఓమ్‌ల నిరోధకంతో ముగించండి, లేకపోతే పల్సు వెనక్కి ప్రతిఫలించి రెండో అంచును సృష్టిస్తుంది.

ఈ ప్రతిఫలనాన్నే మంచి అభ్యాసంగా మార్చవచ్చు. 20 మీటర్ల ఆర్‌జీ-58 చుట్టను చివర తెరిచి ఉంచి, చిన్న పల్సు పంపి, ఆసిల్లోస్కోపులో (వోల్టేజీ కాలంతో మారే తీరును తెర మీద గీసే పరికరంలో) వెళ్లిన పల్సుకూ తిరిగొచ్చిన పల్సుకూ మధ్య వ్యవధి చూడండి. సుమారు 200 నానోసెకన్లు వస్తుంది. కేబులులో సంకేత వేగం శూన్యంలో కాంతి వేగానికి మూడింట రెండు వంతులని దాని నుంచి తేలుతుంది. కొలిచేటప్పుడు రెండు పల్సుల మీదా ఒకే చోటును, అంటే ఎత్తులో సగం దగ్గరి బిందువును, తీసుకోండి. తిరిగొచ్చిన పల్సు పొట్టిగా, మందంగా ఉంటుంది కనుక రెండింటికీ ఒకే వోల్టేజీ గీత పెడితే తప్పు వస్తుంది.

ఆసిల్లోస్కోపుకు తన సొంత మందకొడితనం ఉంది: 0.35ను బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే దాని ఉత్థాన కాలం, అంటే అంచు కింది నుంచి పైకి చేరినట్టు చూపడానికి పట్టే కాలం, వస్తుంది. 100 మెగాహెర్ట్జ్ స్కోపుకు ఇది 3.5 నానోసెకన్లు. అంతకంటే పదునైన అంచునూ అది 3.5గానే చూపుతుంది. రెండు చానెళ్ల ఆలస్యాలు సమానం కావు కనుక ఒకసారి కొలిచి, కేబుళ్లను తారుమారు చేసి మళ్లీ కొలిచి, రెండింటి సగటు తీసుకోండి. చానెళ్ల తేడా ఒకసారి కూడి, ఒకసారి తీసివేయబడి రద్దవుతుంది.

10 మెగాహెర్ట్జ్ ఆధార గడియారంతో నేరుగా లెక్కించే కౌంటరు మెట్టు 100 నానోసెకన్లు. అంతకంటే కిందికి వెళ్లడానికి, మిగిలిన చిన్న వ్యవధిలో కెపాసిటరును స్థిర విద్యుత్తుతో నింపి దాని వోల్టేజీని కొలిచే పద్ధతి ఒకటి, వరుస ఆలస్య గడుల్లో అంచు ఎంతవరకు చేరిందో చూసే పద్ధతి మరొకటి ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఎస్‌ఆర్620 వంటి కౌంటరు ఒక్క కొలతలోనే 25 పికోసెకన్ల స్థాయికి వెళుతుంది.

10. మ్యూయాన్ జీవితకాలం: అన్నీ కలిసే చోటు

పోస్టుగ్రాడ్యుయేట్ ప్రయోగశాలల్లో చేసే ఈ ప్రయోగంలో, విశ్వకిరణాల మ్యూయాన్ (ఎలక్ట్రాను జాతికి చెంది, త్వరగా క్షయమయ్యే బరువైన కణం) సింటిలేటరులో, అంటే కణం తాకితే మెరిసే పదార్థంలో, ఆగినప్పుడు ఒక మెరుపు, అది క్షయమై ఎలక్ట్రాను వెలువడినప్పుడు ఇంకో మెరుపు వస్తాయి. రెండింటి మధ్య వ్యవధిని వేల సార్లు కొలిచి, వ్యవధుల పంపిణీ నుంచి జీవితకాలాన్ని రాబట్టాలి. ఇక్కడ పల్సుల ఎత్తులు మారుతూ ఉంటాయి. పెద్ద పల్సు హద్దును ముందుగా, చిన్న పల్సు ఆలస్యంగా దాటుతాయి. పల్సు ఎత్తులో నిర్ణీత భాగం దగ్గర ట్రిగ్గరయ్యే డిస్క్రిమినేటరు దీన్ని సరిచేస్తుంది. అయితే కొలిచే వ్యవధులు మైక్రోసెకన్లలో ఉన్నాయి కాబట్టి కొన్ని నానోసెకన్ల ఈ జారుడు ఇక్కడ పెద్దగా బాధించదు. మొదటి అడుగులోని లెక్క వేస్తే అది ముందే తెలిసిపోతుంది.

కాల అక్షాన్ని మాత్రం తప్పక సరిచూడాలి. పల్సర్ (పల్సులు పుట్టించే పరికరం) నుంచి 1, 2, 4, 8 మైక్రోసెకన్ల తెలిసిన వ్యవధులు పంపి, చానెల్ సంఖ్యకూ (పరికరం ఆ వ్యవధిని వేసిన గడి సంఖ్యకూ) కాలానికీ సంబంధం సరళరేఖేనా అని చూడండి. అతి తక్కువ వ్యవధుల దగ్గర పరికరం స్పందించని ప్రాంతాన్ని వదిలేయండి. 10 మైక్రోసెకన్లు దాటాక దాదాపు సమంగా మిగిలే కౌంట్లు యాదృచ్ఛిక జంటల వల్ల వచ్చిన నేపథ్యం. దాన్ని కూడా క్షయ వక్రంతో పాటే అమర్చాలి, లేకపోతే జీవితకాలం ఎక్కువగా వస్తుంది.

శూన్యంలో మ్యూయాన్ జీవితకాలం 2.197 మైక్రోసెకన్లు. ప్లాస్టిక్ సింటిలేటరుతో జాగ్రత్తగా చేసినవారికి సుమారు 2.1 వస్తుంది, దాంతో గడియారాన్ని అనుమానించి సవరణ గుణకం కలపడానికి కొందరు సిద్ధపడతారు. కలపకండి. ఆగిన మ్యూయాన్లలో ఋణావేశం ఉన్నవాటిని కార్బన్ కేంద్రకాలు కొంత మేరకు పట్టేసుకుంటాయి, అందువల్ల కార్బన్‌లో వాటి జీవితకాలం 2.03 మైక్రోసెకన్లే. ధనావేశ మ్యూయాన్లు 2.197తో, ఋణావేశ మ్యూయాన్లు 2.03తో కలిసి ఇచ్చే సగటు 2.12 దగ్గర ఉంటుంది. పల్సర్‌తో సరిచూసిన కాల అక్షం సరిగ్గా ఉంటే, మీ గడియారం ఆ తేడాను ఉన్నది ఉన్నట్టే చూపిస్తోందన్నమాట.